నావలున్నవి, నావికులేరి?

ఒక దేశపు నౌకాదళము ఎంతటిదని ఎవరైన అడిగినచో మనము వెంటనే నావల లెక్క చెప్పుదుము. ఇన్ని విమానవాహక నౌకలు, ఇన్ని ఫ్రిగేట్లు, ఇన్ని జలాంతర్గాములు అని పట్టికలు అచ్చుపడుచునే యుండును. ఆ పట్టికలో పేరున్న నావ ఈ ఉదయము సముద్రముమీద నున్నదా, రేవులో మోకులతో కట్టబడి యున్నదా, లేక డ్రై డాకులో ఇనుపరేకులు ఊడదీయబడి యున్నదా అను సంగతి పట్టికవలన తెలియదు. దానిని నడపుటకు మనుష్యులున్నారా అనునది అసలే తెలియదు. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొనుటకు బ్రిటనుదేశపు రాయల్ నేవీని మించిన ఉదాహరణము నేడు లేదని మా అభిప్రాయము. ఒకప్పుడు ప్రపంచ సముద్రములను ఏలిన ఆ దళము ఇప్పుడు ఏ నావ నుంచుకొనవలెను, దేనిని వదలుకొనవలెను అని లెక్కలు వేసికొనుచున్నది.

2024 నవంబరు 20వ తేదీన బ్రిటిషు రక్షణ మంత్రి జాన్ హీలీ కామన్సు సభలో ఒక ప్రకటన చేసిరి. ఐదు నావలను సేవనుండి శాశ్వతముగ తొలగించుచున్నామని దాని సారాంశము. వానిలో ఆల్బియన్, బల్వార్కు అనునవి తీరముమీద సైన్యమును దింపు పెద్దనౌకలు. నార్తంబర్లండు ఒక ఫ్రిగేటు. వేవ్ నైట్, వేవ్ రూలర్ అనునవి నడిసముద్రములో ఇతర నావలకు చమురు పోయు నౌకలు. కొన్ని హెలికాప్టర్లను, మానవరహిత విమానములను కూడ వీనితో చేర్చి తొలగించినచో ఐదేండ్లలో 50 కోట్ల పౌండ్ల వరకు మిగులునని మంత్రి లెక్క.

ఆల్బియన్, బల్వార్కుల సంగతి కొంచెము వివరముగ చెప్పవలసి యున్నది. విశాఖపట్టణపు వారికి ఇట్టి నావ కొత్తది కాదు. 2007లో మన దేశము అమెరికానుండి కొని జలాశ్వయని పేరుపెట్టి విశాఖలో నిలిపిన నౌక ఈ జాతిదే. 2020లో మహమ్మారి ప్రబలినప్పుడు మాల్దీవులలో చిక్కుకొనిన మనవారిని తీసికొనివచ్చినది ఆ నావయే. దీని వెనుకభాగమున ఒక పెద్ద తొట్టి యుండును. నావ తన అడుగు అరలలోనికి నీరు పట్టుకొని వెనుకకు క్రుంగగానే ఆ తొట్టిలోనికి సముద్రము ప్రవేశించును. అందులో నున్న చిన్నపడవలు సైనికులతోను, ట్యాంకులతోను తేలి బయటికి పోయి, రేవులేని ఒడ్డును చేరుకొనును. ఆల్బియన్ 2003లోను, దాని చెల్లెలు ఆ తరువాతను సేవలో చేరినవి. 2030 తరువాతగాని వాని గడువు తీరదు. అయినను ఒక్కొక్క నావకు 300 మందికి పైగా సిబ్బంది కావలెను. అంతమంది దొరకలేదు. అందుచేత చాలకాలముగా ఒకటి తిరుగుచుండగా రెండవది రేవులో పడియుండెడిది. కడపట రెండును పడియున్నవి. ఆ రెంటిని ఊరక కట్టియుంచుటకే ఏటేట 90 లక్షల పౌండ్లు ఖర్చగుచున్నవనియు, గడువు తీరులోపల అవి తిరిగి సముద్రమునకు పోవు ఏర్పాటే లేదనియు మంత్రి బయటపెట్టిరి. అటుకమీద పెద్ద గంగాళమున్నది, పెండ్లివంట మేము వండగలమని చెప్పుకొనుచుండగా వండువారు ఏనాడో వెడలిపోయినట్లున్నది ఈ కథ. ఈ గంగాళమునకు ఏటేట కళాయి పూయించుట అదనము. 2025లో బల్వార్కును బ్రెజిలుదేశము కొనుటకు ఒప్పుకొనినది. ఓషన్ అను మరియొక పెద్దనౌకను 2018లోనే ఆ దేశమునకు అమ్మియుండిరి.

ఇట్టి తొలగింపులు బ్రిటనులో ఇదివరకును జరిగినవి. 1981లో జాన్ నాట్ అను రక్షణ మంత్రి ఖర్చు తగ్గించుటకై ఒక ప్రణాళిక ప్రకటించెను. ఇన్విన్సిబుల్ అను కొత్త విమానవాహకమును ఆస్ట్రేలియాకు అమ్మివేయవలెను. హెర్మిస్ అను పాతదానిని తీసివేయవలెను. సైన్యమును దింపు నావలైన ఫియర్లెస్, ఇంట్రెపిడ్‌లకు సెలవీయవలెను. ఈ కడపటి నిర్ణయమును పిదప మార్చుకొనిరి గాని, ఇంట్రెపిడ్‌ను మూలబెట్టు పని అప్పటికే మొదలై యుండెను. అంతలో 1982 ఏప్రిలులో అర్జెంటీనా ఫాక్లండు దీవులను ఆక్రమించినది. ఏ నావలు అక్కరలేదనుకొనిరో ఆ నావలే దక్షిణ అట్లాంటికునకు బయలుదేరవలసి వచ్చినది. హెర్మిస్ దండయాత్రకు నాయకనౌక యైనది. ఇంట్రెపిడ్ సిబ్బందిని ఇతర నావలనుండియు, కార్యాలయములనుండియు వెనుకకు పిలిపించి దానిని హడావిడిగ సిద్ధము చేసిరి. మే 21వ తేదీన శాన్ కార్లోస్ వద్ద సైన్యము దిగినది ఆ రెండు నావలను నమ్ముకొనియే. ఇన్విన్సిబుల్ అమ్మకము రద్దయినది.

ఈ కథను నావలను అమ్మరాదనుటకు దృష్టాంతముగ చెప్పుట పరిపాటి. మాకు అందులో వేరొక సంగతి కనబడుచున్నది. ఇంట్రెపిడ్ సిబ్బందిని వెనుకకు పిలిపింప గలిగిరనగా, వారు ఎక్కడనో దళములో ఉండిరన్నమాట. 1982లో రాయల్ నేవీలో మెరైనులతో కలిపి 70 వేలమందికి పైగా ఉండిరి. నేడు అందులో సగము కూడ లేరు. మూలబెట్టిన నావను రంగువేసి కొన్ని వారములలో తేల్చవచ్చును. మూలబెట్టిన మనుష్యులు ఎక్కడను ఉండరు. (ఆ హెర్మిస్‌నే మన ప్రభుత్వము కొని, 1987లో విరాట్ అను పేరుతో మన నౌకాదళమున చేర్చి, 2017 వరకు వాడుకొనినది. తీసివేయదలచిన నావ మరి ముప్పదియేండ్లు మనచేత సేవచేయించుకొనినది అనుటయే సరియేమో.)

ఇక ఫ్రిగేట్లు. రాయల్ నేవీకి ఎద్దులవంటివి ఈ నావలే. శత్రు జలాంతర్గాములను వెదకుట, విమానవాహకమునకు కాపుగ పోవుట, దూరదేశపు రేవులలో జెండా చూపుట, సముద్రగర్భములోని తంత్రులపై కన్నువేసియుండుట, అన్నియు వీని పనులే. వానిలో టైప్ 23 అను తరగతివి 1990 మొదలు 2002 వరకు పదునారు వచ్చినవి. ఇవి చాల చప్పుడు తక్కువగల నావలు. జలాంతర్గామిని వేటాడునప్పుడు డీజిలు యంత్రములతో విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో మెల్లగ నడచును. వెనుక నీటిలో పొడవైన తాడువంటి శ్రవణయంత్రమును లాగుచు చెవియొగ్గి వినును. వీని ఆయుర్దాయము 18 ఏండ్లని కట్టినవారే నిర్ణయించిరి. అనగా మొదటిది 2008లోను, చివరిది 2020లోను ఇంటికి పోవలసినది. మూడింటిని చిలీదేశమునకు అమ్మిరి. తక్కిన పదమూడును గడువు దాటి పనిచేయవలసి వచ్చినది. వానిస్థానమున రావలసిన నావలు రాకపోవుటయే అందుకు కారణము.

రాకపోవుటకు కారణము యుద్ధము కాదు, కరవు కాదు. మనసు నిలకడ లేకపోవుట. కొత్త ఫ్రిగేటు ఎట్లుండవలెనను ఆలోచన 1990 దశకములోనే మొదలైనది. పెద్దదిగ కట్టుదుమనిరి, చిన్నదిగ కట్టుదుమనిరి, రెండువిధములుగ కట్టుదుమనిరి. కట్టకడపట టైప్ 26 అను రూపము తేలినది. పదమూడు కావలెననుకొనిరి. 2015లో డబ్బు చాలక ఎనిమిదికి దిగిరి. మొదటిదైన గ్లాస్గోకు 2017 జులైలో ఇనుము కోసిరి. అది 2022 డిసెంబరులో నీట తేలినది. సేవకు సిద్ధమగునది 2028లో. తగ్గిన ఐదింటి బదులు టైప్ 31 అను తక్కువ వెలగల నావలను ఐదు కట్ట నిశ్చయించి, స్కాట్లండులోని రోసైత్‌లో 2021లో పని మొదలిడిరి. వానిలో మొదటిది వెంచరర్, 2025లో నీట దిగినది.

ఈలోపల పాతనావల గతి యేమి? పాత పెంకుటింటిని బాగుచేయించిన ప్రతి గృహస్థునకు ఈ సంగతి బోధపడును. ఒక వాసము మార్చుదమని పెంకులు దింపినచో దూలము పుచ్చియున్నట్లు తెలియును. దూలము తీసినచో గోడ కదలును. ఓడకు సముద్రపుటుప్పు నిరంతరశత్రువు. అలల పోటుకు రేకులు వంగుచు లేచుచు ఉండుటవలన ఇనుము అలసి కంటికి కనబడని బీటలు పడును. పైనుండి చూచినచో నావ నవనవలాడుచుండును. డ్రై డాకులో పెట్టి నేల క్రింది అరలు తెరచినపుడే అసలు జబ్బు బయటపడును. ఐరన్ డ్యూక్ అను ఫ్రిగేటు 2019లో ప్లిమత్‌లోని డెవన్‌పోర్టు డాకులోనికి పోయి 2023లో బయటికి వచ్చినది. నాలుగేండ్ల పనికి 10 కోట్ల పౌండ్లు దాటినవి. ఆ డబ్బుకు ఎన్నియేండ్ల సేవ వచ్చునని అడిగినచో కొద్ది యేండ్లనియే చెప్పవలెను. వెస్ట్‌మినిస్టర్ అను దాని తోబుట్టువును కూడ బాగుచేయదలచి, పరీక్షించి, గిట్టదని విడిచివేసిరి. ఇది 1997లో వచ్చిన ఒక జేమ్స్ బాండ్ చిత్రములో కనిపించిన నావ. సినిమా చూచినవారికి జ్ఞాపకముండవచ్చును. దానికిని, ఆర్గైల్ అను మరియొకదానికిని 2024లో సేవ ముగిసినది. నార్తంబర్లండు సంగతియు ఇంతే: చట్రమునకు తగిలిన దెబ్బ బాగుచేయుటకు గిట్టదని తేలినది. 2024 చివరకు మిగిలిన ఫ్రిగేట్లు ఎనిమిది, డిస్ట్రాయర్లు ఆరు. 1998లో ప్రభుత్వము ఈ రెండు తరగతుల నావలు కలిపి 32 ఉండవలెనని నిర్ణయించి యుండెను.

పొదుపుచేయుట వలననే ఖర్చు పెరుగుట ఇందులోని చిక్కు. ప్రభుత్వపు లెక్క సంవత్సరమునకు సంవత్సరము జరుగును. ఈ ఏటి బడ్జెటు బిగిసినప్పుడు కట్టుచున్న నావను ఒక ఏడు వెనుకకు జరిపినచో ఈ ఏటికి డబ్బు మిగులును. పనివారికి జీతములు మాత్రము ఆగవు. డాకు అద్దె ఆగదు. పాతనావ మరమ్మత్తు పెరుగును. 2008లో రెండు పెద్ద విమానవాహకముల నిర్మాణమును ఇట్లే నెమ్మదింపజేసిరి. దానివలన కలిగిన అదనపు వ్యయము వంద కోట్ల పౌండ్లకు మించినది. మనవైపు కిరాణాకొట్టు అప్పును నెలకు నెల దాటవేయు సంసారి ఎరుగని సంగతి ఇందులో ఏమియు లేదు.

నావిక దళమునకు మరియొక లెక్క కలదు. సముద్రముమీద ఒక నావ ఎల్లప్పుడు నుండవలెనన్నచో సామాన్యముగ మూడు నావలు కావలెను. ఒకటి పనిమీద నుండగా, ఒకటి పనిచేసి వచ్చి మరమ్మత్తులో నుండును, ఒకటి పోవుటకు శిక్షణ పొందుచుండును. దీనిని తప్పించుకొనుటకు రాయల్ నేవీ ఒక మంచి ఉపాయము పన్నినది. మాంట్రోజ్ అను ఫ్రిగేటును 2019 మొదలు కొన్నియేండ్లు బహ్రెయినులోనే ఉంచి, సిబ్బందిని మాత్రము నాలుగు నెలలకొకసారి విమానములో మార్చుచుండిరి. నావ రాకపోకల కాలము కలిసివచ్చినది. ఇండ్లకు పోవుదినము నావికులకు ముందే తెలిసినది. అయితే దీనికి ఒక నావకు రెండు జట్లు కావలెను. మనుష్యుల కొరతను తీర్చు ఉపాయమే మనుష్యులను కోరుచున్నది.

మనుష్యులేల తక్కువైరి? జీతముమాత్రమే కారణమని మేము తలపము. ఓడలో గ్యాస్ టర్బైనును విప్పి బిగింపగల పెట్టీ ఆఫీసరును బజారునుండి తీసికొనిరాలేము. పదునెనిమిదేండ్ల పిల్లవానిని చేర్చుకొని, యంత్రము నేర్పి, పాతవానిచేతిక్రింద మూడు నాలుగు ప్రయాణములు చేయించి, పరీక్షలు పెట్టి తయారుచేయవలెను. అందుకు దాదాపు పదేండ్లు పట్టును. అట్టివానికి ముప్పదియేండ్లు వచ్చుసరికి ఇంట భార్యాబిడ్డలుందురు. ఒడ్డున విద్యుత్కేంద్రములవారు, గాలిమరలవారు ఆతనిని రమ్మనుచుందురు. అక్కడ రాత్రికి ఇంటికి పోవచ్చును. ఆతడు వెడలిపోయినచో పదేండ్ల పని వెడలిపోవును. ఆతని స్థానమున ఇద్దరు కుర్రవాండ్రను చేర్చుకొనినను ఆ లోటు నిండదు. ఆతని పని మిగిలినవారి మీద పడును. వారి ప్రయాణములు పొడుగగును. అందులో మరియొకడు రాజీనామా వ్రాయును. అణుక్షిపణులు మోయు జలాంతర్గాముల సంగతి మరింత కఠినము. పూర్వము మూడు నెలల గస్తీ చాలునన్నది పోయి, 2025 మార్చిలో తిరిగివచ్చిన నావ 200 దినములకు పైగా నీటిక్రింద నుండినదని పత్రికలు వ్రాసినవి. నాలుగు నావలలో ఒకటియైన వాంగార్డ్ మరమ్మత్తుకు ఏడేండ్లు పట్టుటచే తక్కినవానిపై పడిన భారమిది. ఆ దినములలో నావికునకు ఇంటినుండి చిన్న సందేశములు మాత్రము వచ్చును. తాను జవాబు వ్రాయగూడదు.

యుద్ధనౌకలకు చమురును, తిండిని, మందుగుండును అందించు సహాయక నౌకలు వేరు. వానిని నడపువారు రాయల్ ఫ్లీట్ ఆగ్జిలియరీ అను సంస్థకు చెందిన పౌర నావికులు. ధరలు పెరిగినంత జీతములు పెరుగలేదని వారు 2024 ఆగస్టులో సమ్మె చేసిరి. వేవ్ నైట్, వేవ్ రూలర్‌లు మూలబడుటకు అసలు కారణము పాతబడుట కాదు, మనుష్యులు లేకపోవుట. విమానవాహకమునకు మందుగుండు సామగ్రి అందింపగల ఏకైక నౌకయైన ఫోర్ట్ విక్టోరియా కూడ రేవులో నిలిచిపోయినది. సముద్రములోని మందుపాతరలను మనిషిలేని పడవలచేత ఏరించు నిమిత్తము 2023లో స్టెర్లింగ్ కాసిల్ అను నౌకను కొనిరి. మనిషి లేని పడవలను మోసికొనిపోవు ఆ నౌకకు మనుష్యులు దొరకక, 2025లో దానిని నౌకాదళమే చేతికి తీసికొనవలసి వచ్చినది. ఈ ఒక్క సంగతి వినినచో యంత్రములు వచ్చి మనుష్యుల కొరత తీర్చునను మాటను ఎంతవరకు నమ్మవలెనో తెలియగలదు.

2025 జూనులో వెలువడిన బ్రిటిషు రక్షణ సమీక్ష, మనిషిగల నావలును, మనిషిలేని పడవలును కలిసి పనిచేయు మిశ్రమదళమును కట్టుదుమనినది. అది తప్పని మేమనము. మందుపాతరలను వెదకుటవంటి ప్రమాదపు పనికి యంత్రమును పంపుటయే ధర్మము. కొత్తనావలలో సిబ్బంది తక్కువగ నుండునట్లు కట్టుటయు మంచిదే. టైప్ 23కు సుమారు 185 మంది కావలసియుండగా టైప్ 31 వందకు కొంచెము పైబడినవారితో నడచునని చెప్పుచున్నారు. అయితే నావ సవ్యముగ నడచునప్పటి లెక్క వేరు, దెబ్బతినినప్పటి లెక్క వేరు. 2002 జులైలో నాటింగ్‌హామ్ అను డిస్ట్రాయరు ఆస్ట్రేలియాకు తూర్పున లార్డ్ హోవ్ దీవివద్ద నీటిలోని బండను ఢీకొనినది. అడుగున పెద్ద చీలిక పడి అరలలోనికి నీరు వచ్చిపడినది. కొయ్యమొద్దులతో, పరుపులతో, దొరికినదానితో చీలికలు మూసి, తలుపులకు ఊతములు పెట్టి, రాత్రియంతయు నీరు తోడి, ఆ నావను మునుగకుండ నిలిపినవారు 200 మందికి పైబడిన నావికులు. ఒక్క ప్రాణము పోలేదు. అంతటి దెబ్బ వందమందియున్న నావకు తగిలినచో ఎందరు నీరు తోడుదురు, ఎందరు మంటలార్పుదురు, ఎందరు గాయపడినవారిని మోయుదురు? రూపశిల్పులు తానుగ పనిచేయు పంపులను, నీటిజల్లులను చూపుచున్నారు. అవి పనిచేయుటకు విద్యుత్తు కావలెను. దెబ్బతినిన నావలో మొదట పోవునది తరచుగ అదియే.

2025లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అను 65 వేల టన్నుల విమానవాహకము ఎనిమిది నెలలు ప్రాచ్యసముద్రములలో తిరిగినది. అక్టోబరులో మన పశ్చిమతీరమున విక్రాంత్‌తో కలిసి కొంకణ్ అను విన్యాసములు జరిపినది. ఆ మహానౌకకు కాపుగ వచ్చిన బ్రిటిషు యుద్ధనౌకలు రెండు: డాంట్‌లెస్ అను డిస్ట్రాయరు, రిచ్మండ్ అను టైప్ 23 ఫ్రిగేటు. తక్కినవి నార్వే, కెనడా మొదలగు మిత్రదేశములవి. అదేయేట ఆగస్టులో నార్వేదేశము బ్రిటనునుండి కనీసము ఐదు టైప్ 26 ఫ్రిగేట్లు కొనుటకు ఒప్పుకొనినది. వెయ్యి కోట్ల పౌండ్ల వ్యాపారము. గ్లాస్గో పనివారికి ఎన్నియో ఏండ్ల కూలి. నార్వే వారు తమ నావలు త్వరలో కావలెననిరి. అందుచేత రాయల్ నేవీకై కట్టుచున్నవానిలో కొన్నిటిని వారికి ముందుగ ఇచ్చి, తన వంతునకు ఇంగ్లండు ఇంకను వేచియుండవలెను. రిచ్మండ్ 1995లో సేవలో చేరిన నావ. దానివంటి పాతఫ్రిగేట్లను ఒక్కొక్కటిగ తీసివేయుచు, వాని సిబ్బందిని గ్లాస్గో రేవులోని కొత్తనావల యంత్రములు నేర్చుకొనుటకు పంపుచున్నారు.